బల్బీరుసింగు నిక్షేపము

1985వ సంవత్సరమున నొక పెద్దమనుష్యుడు తన యింటనున్న 36 పతకములను, నూరింటికి పైబడిన ఛాయాచిత్రములను, ఒక పాత కోటును భారత క్రీడా ప్రాధికార సంస్థవారికి అప్పగించెను. ఢిల్లీలో నొక క్రీడా వస్తుప్రదర్శనశాలను నెలకొల్పబోవుచున్నారనియు, అందు వీనిని భద్రపరతురనియు నమ్మి యిచ్చెను. ధర యడుగలేదు. ఇరువదియేడేండ్లు గడచినవి. 2012వ సంవత్సరమున లండను ఒలింపిక్ క్రీడల సందర్భమున ఏర్పాటైన ప్రదర్శనమునకై ఆ వస్తువులు కావలసివచ్చి, ఎక్కడనున్నవని విచారింపగా, తమయొద్ద లేవని ఆ సంస్థనుండి సమాధానము వచ్చినది. ప్రదర్శనశాల లేదు, పతకములు లేవు, కోటు లేదు. ఇచ్చినవాడు మాత్రము బ్రతికియుండెను. మరి యెనిమిదేండ్లు ఎదురుచూచి, 2020వ సంవత్సరము మే 25వ తేదీన, 96 ఏండ్ల వయస్సున, మొహాలీ పట్టణమందలి యాసుపత్రిలో ఆయన కన్నుమూసెను.

ఆ పెద్దమనుష్యుడు సీనియరు బల్బీరుసింగు. హాకీ యాటలో బల్బీరుసింగులు పలువురుండుటచే ఈయన కా విశేషణము కలిగినది. లండను, హెల్సింకీ, మెల్బోర్న్ నగరములందు వరుసగా మూడు ఒలింపిక్సులలో స్వర్ణపతకము నందిన వీరుడు. నేటి పట్టణములందలి పిల్లలు క్రికెట్టు ఆటగాండ్ర పరుగుల లెక్కలను పంచాంగమువలె నొప్పగింపగలరు; బల్బీరుసింగెవరని యడిగిన పెద్దల ముఖముల వంక చూతురు. పెద్దలు గోడ వంక చూతురు. కావున ఇచ్చిన దేమియో ముందుగా చెప్పనిదే పోయిన దెంతయో చదువరులకు తెలియదని తలచి, ఆయన చరిత్రము నించుక విస్తరించి వ్రాయుచున్నాము.

పంజాబునందలి హరిపూర్ ఖాల్సా గ్రామమున ఆయన జన్మించెను. తండ్రి దలీపుసింగు దొసాంఝ్ స్వాతంత్ర్యోద్యమమున పాల్గొన్నవాడు, చెరసాల యెరిగినవాడు. కుమారుడు మోగాలో చదివి, లాహోరునకు పోయి, హర్బెయిల్ సింగు అను హాకీ గురువు ప్రోత్సాహమున అమృతసరమునందలి ఖాల్సా కళాశాలకు చేరెను. 1943 మొదలు 1945 వరకు వరుసగా మూడేండ్లు అఖిల భారత విశ్వవిద్యాలయముల పోటీలలో గెలిచిన పంజాబు విశ్వవిద్యాలయ జట్టులో ఆయన యుండెను. ఇంతవరకు చెప్పుకోదగిన యాటగాడెవనికైనను ఉండెడి చరిత్రమే. దీని తరువాతిదే వింత.

ఈ కుర్రవాడు తమ జట్టులో నుండవలెనని పంజాబు పోలీసు అధికారులు పట్టుపట్టిరి. నాటి పోలీసులనగా నెవరు? దేశభక్తుల యిండ్లు సోదాచేసి, వారి వీపులపై లాఠీలు విరుగగొట్టినవారు. దలీపుసింగు కుమారునకు ఆ దుస్తులు తొడుగ మనసొప్పలేదు. ఢిల్లీకి పారిపోయి, పబ్లిక్ వర్క్సు శాఖలో ఉద్యోగమున చేరెను. పోలీసులు వెదకికొనివచ్చి, చేతులకు బేడీలువేసి జలంధరమునకు తీసికొనిపోయిరనియు, అట్లు తాను పోలీసు జట్టులో ఆటగాడనైతిననియు ఆయనయే తరువాతి కాలమున చెప్పుకొనుచుండెను. నేరము చేసినవానికి బేడీలు వేయుట మేమెరుగుదుము. నేరమేమియు చేయకయే, ఉప్పు వండిన పాపమునకు, ఉపన్యాసమిచ్చిన పాపమునకు బేడీలు తొడిగించుకొన్నవారిని గూర్చియు వింటిమి. గోలులు చక్కగ కొట్టుచున్నాడని బేడీలు వేయుట ఈ యొక్క యుదంతముననే కన్నాము. తండ్రిని స్వరాజ్యము కోరినందుకును, కొడుకును హాకీ యాడినందుకును వెంటాడిన దొరతనము నాటిది!

ఇంతలో 1947వ సంవత్సరము వచ్చెను. ఆ యేడు జాతీయపోటీలలో గెలుపొందిన అవిభక్త పంజాబు జట్టునకు ఏ.ఐ.ఎస్. దారా నాయకుడు; బల్బీరుసింగు సెంటరు ఫార్వర్డు. కొలది మాసములకే పంజాబు రెండు ముక్కలయ్యెను. 1936లో బెర్లినున భారతజట్టు పక్షమున ఆడిన దారాయే 1948లో లండనునకు పాకిస్థాను జట్టు నాయకుడై వచ్చెను. ఒక్క జట్టున కర్రపట్టినవారు ఏడాది తిరుగులోపల రెండు జెండాల క్రింద నిలిచిరి. ఈ దుఃఖమును గూర్చి మన హాకీ చరిత్రకారులు తగినంత వ్రాయలేదని మా యభిప్రాయము.

లండను ఒలింపిక్సునకు జట్టు నెన్నుకొనుటకు పిలిచినవారి పట్టికలో తొలుత బల్బీరుసింగు పేరే లేదు. పిమ్మట చేర్చిరి. లండను చేరిన తరువాత అర్జెంటీనాతో నాడిన పోటీలో ఒకనికి దెబ్బతగులుటచే ఈయనకు చోటు దొరకెను. మనవారు చేసిన 9 గోలులలో 6 ఈయనవే. ఇంత చేసినను తరువాతి పోటీకి పేరు లేదు. సెమీ ఫైనలునందును లేదు. ఆరు గోలులు కొట్టినవానిని కూర్చుండబెట్టుట ఏ న్యాయశాస్త్రమున గలదో ఎంపికచేసినవారే చెప్పవలెను. లండనునందలి భారతీయ విద్యార్థులు మన హైకమిషనరు వి.కె. కృష్ణమీనను గారియొద్దకు పోయి మొరపెట్టుకొనిరనియు, దానివలననే ఫైనలున ఆయనకు స్థానము దక్కెననియు చెప్పుదురు.

ఆ ఫైనలు 1948వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన వెంబ్లీ మైదానమున జరిగినది. స్వరాజ్యము వచ్చి యేడాది నిండుట కింకను మూడు దినములు తక్కువ. ఎదుట నిలిచినది బ్రిటిషు జట్టు. దీని ప్రాముఖ్యము తెలియవలెనన్న వెనుకటి ముచ్చట యొకటి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1928, 1932, 1936 - ఈ మూడు ఒలింపిక్సులలోను హాకీయందు మనవారే గెలిచియుండిరి. కాని ఆ గెలుపునకు గురుతుగ నెగిరిన జెండా మనది కాదు. 1920లో హాకీ స్వర్ణపతకము గైకొన్న బ్రిటిషువారు ఈ మూడు పర్యాయములలో ఒక్కసారియైనను హాకీకి జట్టును దింపలేదు. ఎందుచేతనో చదువరులే యూహింతురు గాక. దింపలేదనుట మాత్రము రికార్డునందున్న సంగతి. ఇక 1948లో తమ యింటనే క్రీడలు జరుగుచుండగా దిగక తప్పలేదు. నేల తడిసి బురదగా నుండెను. మనవారి సన్నని యాటకది కిట్టనిది. అయినను తొలి రెండు గోలులు బల్బీరుసింగు చేసెను. త్రిలోచన్ సింగు ఒకటి, ప్యాట్ జాన్సెన్ ఒకటి చేసిరి. నాలుగు, సున్న. కిషన్‌లాలు నాయకత్వమున భారతజట్టు స్వర్ణపతకము నందినది. మూడు రంగుల జెండా బ్రిటిషు రాజధానిలో పైకి పోయినది. మన జెండా, మన దేశమని తన తండ్రి యనుచుండిన మాటల కర్థము ఆనాడు తనకు తెలిసినదని బల్బీరుసింగు ముదిమిలో చెప్పుకొనెను. పోలీసు బేడీలు మొదలు వెంబ్లీ వరకుగల దూరము నెరిగినవారికి ఆ మాట యతిశయోక్తిగా తోపదు.

హెల్సింకీ ముచ్చట సంగ్రహముగ చెప్పవచ్చును, ఏలనన అంకెలే మాటాడును. 1952లో జెండా పట్టి మన దళమునకు ముందు నడచినవాడు బల్బీరుసింగు. జట్టునకు ఉపనాయకుడును ఆయనయే. మూడు పోటీలలో మనవారు 13 గోలులు చేసిరి, అందు 9 ఈయనవి. సెమీ ఫైనలున బ్రిటనుపై చేసిన మూడింటికి మూడును ఈయనవే. జూలై 24వ తేదీన హాలండుతో జరిగిన ఫైనలున 6 గోలులలో 5 ఈయనవి. పురుషుల ఒలింపిక్ హాకీ ఫైనలున ఒక్కడే యిన్ని గోలులు చేయుట అంతకుముందు లేదు, ఇంతవరకును లేదు. 1908లో ఇంగ్లండుకు చెందిన రెగ్గీ ప్రిడ్మోర్ 4 చేసియుండెను. ఆ లెక్క 44 ఏండ్లు నిలిచినది. బల్బీరుసింగు లెక్క 70 ఏండ్లు దాటియు నిలిచియున్నది.

మా దృష్టిలో ఆయన జీవితమున నుత్తమ ఘట్టము ఈ యైదు గోలులు కావు. ఒక్క గోలును చేయని మెల్బోర్న్ ఫైనలు. 1956లో ఆయనయే నాయకుడు. తొలిపోటీలో అఫ్ఘనిస్థానుపై మనవారు 14 గోలులు చేసిరి, అయిదు ఈయనవి. ఆ పోటీలోనే కుడిచేతి వ్రేలి యెముక విరిగెను. కర్రపట్టి యాడువానికి వ్రేలు విరుగుట వ్రాయసకానికి కన్ను పోవుటవంటిది. జట్టు పెద్దలు కూర్చుండి ఆలోచించి యొక నిశ్చయమునకు వచ్చిరి: నడుమ పోటీలలో ఆయన ఆడకుండవలెను, సెమీ ఫైనలునకును ఫైనలునకును దిగవలెను, గాయమును గూర్చిన మాట బయటకు పొక్కకూడదు. ఎందుకన, బల్బీరుసింగు మైదానమున నున్నచో ఎదుటిపక్షమువారు కనీస మిద్దరు మనుష్యులను ఆయనకు కాపుపెట్టుదురు. అంతమేరకు తక్కినవారికి మార్గము సులభమగును. తాను గోలు చేయుటకు గాదు, శత్రువుల నిద్దరిని కట్టివేయుటకై నాయకుడు విరిగిన వ్రేలితో మైదానమున దిగెను. సెమీ ఫైనలున జర్మనీపై ఒకటి, సున్న. డిసెంబరు 6వ తేదీన ఫైనలున పాకిస్థానుపై ఒకటి, సున్న. పెనాల్టీ కార్నరున గోలు చేసినవాడు రణధీర్ సింగు జెంటిల్. ఆ క్రీడలందు మనవారు మొత్తము 38 గోలులు చేసి ఒక్కటియు చేయించుకొనలేదు. పత్రికలు గోలు చేసినవాని పేరు పెద్ద యక్షరములతో వేయుట సహజమే. దానికి దారి విడిపించిన వ్రేలి నొప్పి యెవ్వరికి కనబడును?

ఆనాటి నాయకుని కోటే 1985లో ఆయన యిచ్చిన కోటు.

1957లో పద్మశ్రీ యిచ్చిరి. క్రీడాకారులలో దాని నందిన మొదటివాడాయన. 1958లో మెల్బోర్న్ క్రీడల జ్ఞాపకార్థము డొమినికన్ రిపబ్లికు అను దూరపు ద్వీపరాజ్యమువారు ఆయన బొమ్మతో తపాలబిళ్ల వేసిరి. 1975లో కౌలాలంపూరునందు ప్రపంచకప్పు గెలిచిన జట్టునకు ఆయన మేనేజరు. ఆ జట్టులో అజిత్‌పాల్ సింగు నాయకుడు. ఫైనలున పాకిస్థానుపై గెలుపు గోలు చేసినవాడు ధ్యాన్‌చందు కుమారుడు అశోక్ కుమార్. సెమీ ఫైనలున ఓటమి యంచున నున్నప్పుడు గోలు చేసి కాపాడినవాడు అస్లంషేర్ ఖాన్. ఆ దినములలో బల్బీరుసింగు ఆయనను వెంటబెట్టుకొని మసీదునకు పోయెనని జట్టువారే వ్రాసియున్నారు. పంజాబు చీలిన నాటి నెత్తురు కన్నవాడట్లు చేసెననుట మేము ప్రత్యేకముగ గమనింపవలసిన విషయము.

ఇక మా వృత్తికి సంబంధించిన మాట. నిత్యము రసీదులు, దస్తావేజుల నడుమ తిరుగు మాబోటివారికి ఈ వ్యవహారమున ముందు తోచిన ప్రశ్న యిది: బల్బీరుసింగు చేసినది దానమా, నిక్షేపమా? మన భాషలో నిక్షేపమను మాటకు నిధి యనియు, నమ్మి దాచనిచ్చిన సొత్తనియు రెండర్థములు కలవు. ఇచ్చట రెండును చెల్లును. మనువు పదునెనిమిది వివాదపదముల నెన్నుచు, అప్పు తరువాత రెండవదిగ నిక్షేపమునే చెప్పెను. నమ్మి యిచ్చినదానిని తిరిగి యీయకపోవుట మన పెద్దల కంతటి ఘోరమైన విషయము. ఇంగ్లీషువారి కాలమునాటిదై నేటికిని నడచుచున్న 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 151వ సెక్షను, పరుల సొత్తు పుచ్చుకొన్నవాడు సామాన్య వివేకముగలవాడు తన సొత్తు కెంత జాగ్రత్త వహించునో అంత వహించి తీరవలెనని శాసించుచున్నది. పోయిన యెడల ఎట్లు పోయినదో చెప్పు భారము పుచ్చుకొన్నవానిదే గాని ఇచ్చినవానిది కాదు.

అది దానమేయని వాదించువారు కలరు. దానము పుచ్చుకొన్నవాడు తన వస్తువును పోగొట్టుకొన్న నడుగువా రెవ్వరని వారి వాదము. ఈ వాదము కచ్చేరీలో కొంత దూరము నడచును. లోకమున నొక్క యడుగైనను నడువదు. ఆయన ఏ యధికారికిని కోటు కానుకగ నీయలేదు. ప్రజలు చూచుటకై, ప్రజల పేరిట, ప్రజల సంస్థ కిచ్చెను. అట్టి సొత్తునకు ఆ సంస్థ యజమాని కాదు, ధర్మకర్త. మన జిల్లాలలో చిన్న గుడియందైనను అధికారి మారినప్పుడు అమ్మవారి నగలను తూచి, పట్టికలో వ్రాసి, ఇద్దరును చేవ్రాలు చేయుదురు. వెనుక కరణము మారినప్పుడు లెక్కల కట్టలు ఎంచి యప్పగించెడివారు. ముక్కుపుడకకున్న లెక్క మూడు ఒలింపిక్సుల వీరుని పతకములకు లేకపోవుట యేమి? అధికారులు మారుదురు, భవనములు మారును. చార్జీ పట్టికయున్నచో వస్తువు మారదు. ఈ సంగతిని బయటపెట్టుటకు ఆయన కుటుంబమువారు 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టమును కూడ నాశ్రయించిరి. ముదుసలి వీరుని యింటివారు తమ సొత్తు జాడకై అర్జీ పెట్టుకొనవలసివచ్చెను!

కోటు పోయినంత మాత్రమున గోలులు పోవునా, కీర్తి పుస్తకములలో నున్నది గదా యని మరికొందరందురు. ఇది పండితుల మాటవలె నుండును గాని పరీక్షకు నిలువదు. తొలినాటి ఒలింపిక్ హాకీ పోటీలలో ఎవ్వరెన్ని గోలులు చేసిరను లెక్కలందే గ్రంథమునకును గ్రంథమునకును భేదము కనబడుచున్నది. అట్టిచోట నాటి ఛాయాచిత్రములు, పతకములు మూలసాక్ష్యములు. నూరు ఛాయాచిత్రములు పోవుటయన నూరుగురు సాక్షులు నోరు విప్పకుండ చనిపోవుట. అంతియకాదు, బాలు డొకడు పుస్తకమున 38 గోలులని చదివి మరచిపోవచ్చును. నాయకుని కోటు ముందు నిలిపి, ఈ కోటు తొడిగినవాడు విరిగిన వ్రేలితో ఆడెనని చెప్పిన మరచునా? ఒలింపిక్ సంఘమువారు దీని నెరిగినందుననే 2012లో లండను ప్రదర్శనమునకై ఒలింపిక్ చరిత్రమంతటినుండి 16 మందిని ఎన్నుకొనిరి. అందు భారతీయుడు బల్బీరుసింగొక్కడే. పరదేశులు ఆయనను వెదకి పట్టుకొనిరి. మనవారు ఆయన యిచ్చినదానిని పోగొట్టిరి. మూడు ఒలింపిక్ స్వర్ణపతకములు ఆయన యింటనే యుండుటచే అవి మాత్రము దక్కినవి.

చనిపోయిన తరువాత 2021లో మొహాలీ హాకీ మైదానమునకు ఆయన పేరు పెట్టిరి. సంతోషమే. మైదానమునకు పేరు పెట్టుట కొక జీవో చాలును. పోయిన కోటు జీవోతో రాదు.

ఇది పంజాబువారి గొడవ, మనకేలయని తెలుగు చదువరులు పుట మడువవలదు. హైదరాబాదు ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరముల మూడు ఒలింపిక్సులలో భారతదేశము పక్షమున ఆడెను. 1998లో బ్యాంకాకున ఆసియా క్రీడల స్వర్ణపతకము నందిన జట్టులో నుండెను. నాటి చిత్తూరు జిల్లాలోని యొక పల్లెనుండి బయలుదేరిన గోలుకీపరు ఎతిమరపు రజని 2016లో రియో క్రీడలకు మన మహిళల జట్టుతో పోయెను; 2017లో ఆసియాకప్పు గెలిచిన జట్టులో నుండెను. వీరు ధరించిన చొక్కాలు, పట్టిన కర్రలు, కాళ్లకు కట్టిన ప్యాడ్లు రేపు ఎవ్వరైన ప్రదర్శనశాల పేరు చెప్పి యడుగుదురు. మంచి మనస్సుతో వీరిత్తురు. పిమ్మట?

కావున మేము కోరునది పెద్ద కోరిక కాదు. 1985వ సంవత్సరపు ఆ యప్పగింతకు సంబంధించిన కాగితము లన్నింటిని క్రీడా ప్రాధికార సంస్థవారు ప్రకటింపవలెను. ఎవరు పుచ్చుకొనిరి, ఏ గదిలో నుంచిరి, ఏ యేట ఎచ్చటికి మార్చిరి యను మూడు ప్రశ్నలకు వరుసగా జవాబు వ్రాయవలెను. దొరకిన వెన్ని, దొరకని వెన్ని యని పట్టిక వేయవలెను. దొరకకున్న, దొరకలేదని చేవ్రాలుతో ఒప్పుకొని, ఆ కాగితమును ఆయన కుటుంబమున కిచ్చుట కనీస మర్యాద. ఇకమీద ప్రభుత్వ క్రీడాసంస్థ యేదైనను క్రీడాకారుని సొత్తు పుచ్చుకొన్నచో అంకె వేసి, ఛాయాచిత్రము తీసి, ఏటేట లెక్కచూచి ప్రకటించునట్లు నిబంధన చేయవలెను. దీనికి కోట్లు వ్యయము కానక్కరలేదు. ఒక రిజిస్టరు, ఒక తాళము, ఒక బాధ్యుడు చాలును.

ప్రభుత్వమువారు చేయువరకు మన పట్టణములందలి గ్రంథాలయ కార్యదర్శులు ఊరకుండ నవసరము లేదు. తమ తమ యూళ్లలో దేశము పక్షమున గాని, రాష్ట్రము పక్షమున గాని ఆడినవారు ఎవరెవరున్నారో విచారించి, వారి యిండ్లకు పోయి, వారియొద్దనున్న పతకములు, ఫోటోలు, పత్రికల ముక్కలు ఏవేవో వ్రాసికొనిరావలెను. వస్తువు లడుగవలదు, జాబితా మాత్రమడుగుడు. జాబితా రెండు ప్రతులుగ నుండవలెను: ఇంటివారి చేవ్రాలుతో నొకటి గ్రంథాలయమునను, కార్యదర్శి చేవ్రాలుతో నొకటి వారి యింటను.